ఫెబా అన్న మాట, జోయెల్ విన్న మాట

జోయెల్ మొదటి రోజు వచ్చి కూర్చున్న కుర్చీ ఫెబాది. ఆ సంగతి అతనికి తప్ప ల్యాబ్‌లో అందరికీ తెలుసు.

కాగితం మీద అది ఎవరిదీ కాదనుకోండి. కర్ణాటకలో బీదర్ పక్కనున్న నౌబాద్‌లో ఖండప్ప నడిపే చిన్న మాత్రల కంపెనీలో ల్యాబ్ ఇన్‌ఛార్జ్ బాబురావు రిటైరయ్యాక ఏడాదికి పైగా ఆ పోస్టు ఖాళీగానే ఉంది. పోస్టు ఖాళీగా ఉన్నా పని ఖాళీగా ఉండదు కదా, అదంతా ఫెబా చేసింది. శాంపిళ్ళు పరీక్షించింది, రిపోర్టులు రాసింది, ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళకి జవాబులు చెప్పుకుంది. గుల్బర్గాలో ఎమ్మెస్సీ చేసి, పదేళ్ళుగా ఇక్కడే ఉంది. ముప్పై మూడేళ్ళు వచ్చినా హోదా ఇంకా కెమిస్టే.

ఇక ఖండప్ప సంగతి. అది రెండు వేల ఆరు. హైదరాబాద్ పేరు చెబితే బీదర్‌లో కూడా ప్లాట్ల రేట్లు పెరిగే రోజులు. ఊళ్ళో చదువుకున్నవాళ్ళంతా అటు వెళ్ళే బస్సు ఎక్కుతుంటే, అక్కడ పెద్ద కంపెనీలో పదకొండేళ్ళు చేసిన మనిషి తనంతట తాను ఇటు వస్తానన్నాడు. ఖండప్ప చేతిలో టీ అయిపోయేలోపే ఉద్యోగం ఇచ్చేశాడు. పక్క గదిలో పనిచేస్తున్న ఫెబా ఆయనకు గుర్తు రాలేదు. దగ్గరున్న మనిషి కనిపించకపోవడం ఓనర్లకు మామూలే.

"ఆ కుర్చీకి ఒక కాలు సరిగ్గ లేదు సార్. ఎనకకు వాలకుండ్రి," అంది ఫెబా.

"థాంక్స్ అండీ. మంచిగ చెప్పిన్రు."

"చెప్పాలె గద. ఏడాది సంది నేనే కూసుంటున్న."

జోయెల్ లేచి నిలబడ్డాడు. "అంటే ఇది మీ..."

"కంపెనీది సార్. మీ హైదరాబాద్‌ల ఎవరి కుర్చీ వాళ్ళు ఇంటికి తీస్కపోతరా?"

మూల నుంచి ఎవరో నవ్వు దాచుకోవడానికి దగ్గారు. జోయెల్ ముఖం ఎర్రబడింది. ఆ రోజంతా అతను నిలబడే పనిచేశాడు.

నెల రోజులు ఆమె "యెస్ సార్", "నో సార్" తప్ప ఇంకో మాట అనలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం, అన్నం డబ్బా ముందు పెట్టుకుని, ఉండబట్టలేక అడిగింది.

"అందరు అటు పోతుంటె మీరు ఇటెందుకొచ్చిన్రు సార్?"

"అక్కడ పదకొండేండ్లు ఒక్కటే మెషిన్ ముంగట కూసున్న ఫెబాగారు. పొద్దున ఆన్ చేసుడు, సాయంత్రం ఆఫ్ చేసుడు. జీతం పెరిగింది గని పని పెరగలే. ఒక ల్యాబ్ మొత్తం నేనే చూస్కోవాలని ఉండె. పెద్ద కంపెనీల ఆ చాన్స్ రాదు."

"మీ చాన్స్ కోసం నా చాన్స్ తీస్కున్నరు."

"తెల్వకుంట తీస్కున్న."

"తెలిస్తే రాకపోతుంటిరా?"

"వచ్చేటోన్నేమో. అబద్ధం ఎందుకు చెప్పాలె."

ఆ జవాబు ఫెబాకి నచ్చింది. నచ్చినట్టు కనబడకుండా డబ్బా మూత పెట్టేసి లేచిపోయింది.

ఆ తర్వాత ల్యాబ్‌లో గాలి కాస్త తేలికైంది. అతనికి ఆడిట్లు, వాటికి రాయాల్సిన కాగితాలు కొట్టిన పిండి. ఆమెకు ఇక్కడి మెషిన్ల అలకలన్నీ తెలుసు. ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నారు. నేర్చుకుంటూ వెక్కిరించుకున్నారు.

జూలైలో జోయెల్ పాత స్నేహితుడు శ్రీకర్ ఫోన్ చేశాడు. పటాన్‌చెరు దగ్గర కొత్తగా పెట్టిన కంపెనీలో క్వాలిటీకి అసిస్టెంట్ మేనేజర్ కావాలట, వస్తావా అని అడిగాడు. జోయెల్ రానన్నాడు. నాకన్నా బాగా చేసే మనిషి ఇక్కడుంది, ఆమె బయోడేటా పంపిస్తానన్నాడు.

ఈ మాట చెప్పగానే ఫెబా కళ్ళజోడు తీసి అతన్ని ఎగాదిగా చూసింది.

"నన్ను పంపిచ్చి ఆ కుర్చీ కాలు మంచిగ చేపిచ్చుకుందామనా?"

"కాలు నిన్ననే చేపిచ్చిన. మీరు చూస్కోలే."

బయోడేటా అర పేజీ ఉంది. "వర్కింగ్ యాజ్ కెమిస్ట్" అన్న ఒక్క ముక్కలో పదేళ్ళూ సర్దేసింది. జోయెల్ దాన్ని పక్కన పెట్టి, భోజనాల వేళ ప్యాకింగ్ సెక్షన్ వెనక ఆమెను అట్టపెట్టెల మీద కూర్చోబెట్టి మాక్ ఇంటర్వ్యూ మొదలుపెట్టాడు.

"టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్."

"మీకు తెల్సు గద సార్."

"నాకు తెల్సు. వాళ్ళకు తెల్వదు."

"నా పేరు ఫెబా. మా నాన్న జీవరాజ్, రిటైర్డ్ కాంపౌండర్. మా అమ్మ రిబ్కా..."

"ఇవి పెండ్లిచూపులు కావు ఫెబాగారు."

"అయితె మంచిదే. అవి నాకు అచ్చిరాలే. ఉద్యోగం మానేస్తదా అని అడిగినోళ్ళనల్ల మా నాన్నే చాయ్ తాపి పంపిచ్చిండు."

జోయెల్ నవ్వు ఆపుకుని గొంతు సవరించుకున్నాడు. "ఇప్పుడున్న ఉద్యోగం ఎందుకు మారాలనుకుంటున్నరు?"

"నా కుర్చీల మీరు కూసున్నరు గనక."

"గిట్ల చెప్తె ఉద్యోగం రాదు."

"నిజం చెప్పమన్నరు గద."

"నిజమే చెప్పాలె. కోపం తీసేసి చెప్పాలె."

ఫెబా అట్టపెట్టె అంచు గిల్లింది. తర్వాత మెల్లగా అంది. "పదేండ్ల సంది మేము అన్ని చేసినం సార్. కొత్త మాత్ర వస్తె దాని పరీక్ష మేమే రాసినం. ఇన్‌స్పెక్షన్ మేమే చూస్కున్నం. ఏ కాయితం మీద మా పేరు లేదు. నేను చేసిన పని మీద నా పేరుండాలె. గంతే."

"మేము అంటె ఎవరు?"

"నేనే."

"మరి మేము అంటరెందుకు?"

ఆమె తెల్లబోయింది. ఇన్నేళ్ళలో ఆ సంగతి ఆమె గమనించలేదు. నేను అనడం గొప్పలు చెప్పుకోవడమని ఇంట్లోనూ బళ్ళోనూ నేర్పారు. ఆ నేర్పిన మంచితనమే ఆమె పదేళ్ళనూ మింగేసింది.

"నేను చేసిన అనుండ్రి," అన్నాడు జోయెల్.

"నేను చేసిన."

"ఇంక గట్టిగ."

"నేను చేసిన," అంది ఫెబా. ప్యాకింగ్ సెక్షన్ ఆడవాళ్ళు ఏం చేసిందోనని తొంగి చూశారు.

జోయెల్‌కి ఆ రోజే ఆమె మీద మనసు పడింది. ముప్పై ఆరేళ్ళ మనిషి, ఇద్దరు చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు చేసేసరికి తన పెళ్ళి మాట అటకెక్కినవాడు, అట్టపెట్టె మీద కూర్చుని ప్రేమలో పడ్డాడు. దీనికి వయసుతో పనిలేదు.

అడగాల్సిన ప్రశ్నలు అయిపోయాక కూడా మాక్ ఇంటర్వ్యూలు సాగాయి. మీకు కాకరకాయ ఇష్టమా, వానలో తడిస్తే జలుబు చేస్తుందా అని ఏ కంపెనీ అడుగుతుందో వాళ్ళిద్దరికే తెలియాలి. ఆమె మాత్రం అన్నిటికీ బుద్ధిగా జవాబు చెప్పింది. వారానికి ఒక కొత్త చీర కూడా కట్టుకొచ్చింది.

అసలు ఇంటర్వ్యూ ఆగస్టులో అయింది. మర్నాడు ల్యాబ్‌లోకి వస్తూనే చెప్పింది.

"ముగ్గురు కూసున్నరు సార్. నేను చేసిన, నేను చేసిన అనుకుంట పోయిన. ఒకాయన, అంత మీరే చేసిన్రా అన్నడు. అంత నేనే అన్న."

"తర్వాత?"

"ఎప్పుడు జాయినయితరని అడిగిండు."

సెప్టెంబర్ చివర్లో పెద్ద వాన. డ్యూటీ దిగి ఇద్దరూ నౌబాద్ మూల మీద షేర్ ఆటో కోసం ఒకే గొడుగు కింద నిలబడ్డారు. గొడుగు ఫెబాది, సగం జోయెల్‌ది, దాని కింద పట్టని చెరో సగం తడుస్తోంది. వచ్చే నెల ఆమె వెళ్ళిపోతుంది. ఇప్పుడు అడగకపోతే ఇక అడగలేనని అతనికి తెలుసు.

"ఫెబాగారు, ఒక మాట అడుగుత. ఇష్టం లేకుంటె లేదనుండ్రి, ల్యాబ్‌ల ఏం తేడా రాదు. మనం పెండ్లి చేస్కుందామా?"

ఇక్కడ ఫెబా గురించి కొంచెం చెప్పాలి. ఇంట్లో తెలుగు, బళ్ళో కన్నడం, బజార్లో ఉర్దూ. తల్లితో పోట్లాటకి తెలుగు వాడుతుంది, కూరగాయల బేరానికి ఉర్దూ. మర్యాదగా ఒప్పుకోవాల్సి వస్తే మాత్రం కన్నడం. టీచర్ అడిగినా, ఆఫీసర్ అడిగినా చిన్నప్పటి నుంచీ ఒకే మాటతో ఒప్పుకుంది. సిగ్గుతో నోరు పెగలని ఆ నిమిషంలో ఆ మాటే బయటికి వచ్చింది.

"ఆగలి," అంది.

కన్నడంలో ఆగలి అంటే సరే, అలాగే కానివ్వండి అని. జోయెల్‌ది మెదక్. కంపెనీలో అందరూ అతనితో తెలుగో హిందీనో మాట్లాడతారు గనక కన్నడం ముక్క రాదు. వానలో, ఆటో ఇంజన్ మోతలో, అతను విన్నది ఆగాలి. మెదక్‌లో అయితే ఆగాలె అంటారు. చదువుకున్న మనిషి కదా, పుస్తకంలో మాటలా చెప్పిందనుకున్నాడు.

"సరే ఫెబాగారు. మీరెట్లంటె అట్లనే," అన్నాడు.

ఆమె నవ్వుతూ ఆటో ఎక్కింది. అతను తడుస్తూ గదికి నడిచాడు. సరేనని చెప్పినవాళ్ళూ, ఆగమని విన్నవాళ్ళూ ఇద్దరూ ఆ రాత్రి అన్నం సరిగ్గా తినలేదు.

మర్నాడే ఫెబా హైదరాబాద్ కంపెనీకి ఫోన్ చేసి, ఇంట్లో పెళ్ళి మాటలున్నాయి, ఇంకో నెల గడువివ్వండని అడిగింది. వాళ్ళు గునుస్తూనే ఇచ్చారు, ఇక మళ్ళీ అడగొద్దన్నారు. ఒకాయన ఇంటికి రావచ్చు, ఎవరని అడగొద్దని తల్లికి చెప్పింది. గడువు అడిగిందని తెలిసి జోయెల్ ఇంకోలా అర్థం చేసుకున్నాడు. పాపం, ఎటూ తేల్చుకోలేకపోతోంది, ఒత్తిడి పెట్టకూడదనుకున్నాడు.

"ఈ ఆదివారం మేము ఇంట్లనే ఉంటం సార్," అంది ఫెబా.

"మంచిది. రెస్ట్ తీస్కోండ్రి."

తర్వాతి వారం ఇంకొంచెం వివరంగా చెప్పింది. "అమ్మ కజ్జికాయలు చేసింది. ఎవరన్న వస్తరేమోనని."

"వచ్చిన్రా?"

"రాలే."

"అయ్యో. వానలు గద," అన్నాడు జోయెల్.

ఫెబా చేతిలో బీకరు బల్ల మీద ఠప్పున పెట్టింది. అది పగలకపోవడం కంపెనీ అదృష్టం.

పరీక్షించిన మాత్రనే మళ్ళీ పరీక్షించే మనుషులు ఇద్దరూ. ఆ ఒక్క మాట మాత్రం రెండోసారి అడిగి చూసుకోలేదు. అతనికి మర్యాద అడ్డం, ఆమెకు రోషం. వానలో ఏదో అనేశాడు, తెల్లారి మనసు మార్చుకున్నాడు, తనను హైదరాబాద్ పంపడంతో అతని బాధ్యత తీరిపోయిందని ఫెబా తేల్చుకుంది. రెండుసార్లు స్నానాల గదిలో ఏడ్చింది కూడా. ఆ తర్వాత సూట్‌కేసు కొనుక్కుంది.

సోమవారం ప్రయాణం. ప్రతి శనివారం మెదక్ వెళ్ళే జోయెల్ ఆ వారం వెళ్ళలేదు. ఆదివారం చర్చిలో ఫెబా కోసం ప్రార్థన చేస్తారని విని ఉండిపోయాడు. కోత పండుగ కూడా అదే రోజు కావడంతో తెలుగువాళ్ళకీ కన్నడం వాళ్ళకీ కలిపి ఒకే ఆరాధన పెట్టారు. దగ్గర్లోని మన్నళ్ళి నుంచి రైతులు జొన్న కంకులు, గుమ్మడికాయలు తెచ్చి పీఠం ముందు పేర్చారు. కాళ్ళు కట్టేసిన రెండు కోళ్ళు పాటల మధ్యలో అరుస్తున్నాయి. మగవాళ్ళ వైపు ఒక్క చోటే ఖాళీగా ఉంటే జోయెల్ అక్కడ కూర్చున్నాడు. పక్కనున్నది ఫెబా తండ్రి జీవరాజ్.

పాస్టరుగారు ఫెబాని ముందుకు పిలిచి, కొత్త ఊళ్ళో, కొత్త పనిలో దేవుడు తోడుండాలని కన్నడంలో దీవించారు. అందరూ లేచి ఒక్క గొంతుతో, "హాగెయే ఆగలి," అన్నారు.

జోయెల్ ఉలిక్కిపడ్డాడు. జీవరాజ్ వైపు వంగి గుసగుసగా అడిగాడు. "ఎందుకంకుల్ అందరు ఆగాలంటున్నరు? ఆమెను పోవద్దంటున్నరా?"

"ఆగాలి గాదయ్యా, ఆగలి. కన్నడం. అట్లనే కానీ అని."

"అంటె... ఒప్పుకున్నట్టా?"

"అవ్. ఏదన్న అడిగితె సరే అనేటందుకు గూడ గదే అంటం. మా బిడ్డయితె చిన్నప్పటి సంది అన్నిటికి గదే మాట."

అందరూ నిలబడి ఉండగా జోయెల్ కూలబడ్డాడు. జీవరాజ్ పాత అలవాటు కొద్దీ అతని మణికట్టు పట్టుకుని నాడి చూశాడు.

"బాగ జోరుగ కొట్టుకుంటాంది. ఏమైందయ్యా?"

"అంకుల్, నెల కింద నేను ఒకామెను పెండ్లి చేస్కుందామా అని అడిగిన. ఆమె ఆగలి అన్నది. నేను ఆగిన."

జీవరాజ్ అతన్ని చూశాడు. పీఠం ముందు తలవంచుకున్న కూతుర్ని చూశాడు. ఆయనకు లెక్క కుదిరింది.

"నీ కోసం చేసిన కజ్జికాయలన్ని నేనే తిన్ననయ్యా. నాకు షుగరున్నది," అన్నాడు.

ఆరాధన అయ్యాక ఆవరణలో గుమ్మడికాయల వేలం జరుగుతోంది. ఒక పక్కగా, వేపచెట్టు కింద, జోయెల్ జరిగిందంతా ఫెబాకి చెప్పాడు. జీవరాజ్, రిబ్కా రెండడుగుల దూరంలో నిలబడి వినడం లేదన్నట్టు విన్నారు.

"నెల రోజులు," అంది ఫెబా. "మాట తెల్వకుంటె అడగొచ్చు గద."

"మర్యాదగ ఉందామని..."

"మీ మర్యాద పాడుగాను. నేను ఇంట్ల కూసోని వాకిలి దిక్కు చూసుడు, మీరేమో రెస్ట్ తీస్కోమనుడు." నవ్వబోయింది. నవ్వు రాకముందే కళ్ళు నిండాయి. "మీకు ఇష్టం లేదేమో అనుకున్న."

"నాకు నువ్వంటె చాన ఇష్టం ఫెబా. నువ్వు లేని ల్యాబ్‌ల రేపు ఎట్ల కూసుంటనో నాకే తెల్వది."

రిబ్కాకి ఇక ఊరుకోవడం కాలేదు. ముందుకొచ్చి, "మరింకేం, ఇంకో నెల టైం అడుగు బిడ్డా. మాటలు పూర్తి చేస్కొని పోదువు," అంది.

"ఇయ్యరమ్మా. రేపు పోకపోతె వేరేటోళ్ళను తీస్కుంటమన్నరు."

వేలంలో గుమ్మడికాయ ధర పెరుగుతోంది.

"సరే, పెండ్లయినంక ఎక్కడుంటరు? ముందు గది చెప్పుండ్రి," అన్నాడు జీవరాజ్.

"నేనే ఇటు వచ్చేస్త," అంది ఫెబా.

"నేనే అటు పోత," అన్నాడు జోయెల్.

ఇద్దరూ ఒకేసారి అన్నారు. రిబ్కా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఆమె ఇటొచ్చి ఆయన అటు పోతె మళ్ళ గంతే దూరం గదనే," అంది.

అందరికన్నా ముందు ఫెబా నవ్వింది. చాలా రోజుల తర్వాత నవ్వినందువల్ల ఆపుకోలేకపోయింది.

జోయెల్ మాత్రం నవ్వలేదు. "లేదు ఫెబా. నువ్వు ఇటు రావద్దు. నీ పని మీద నీ పేరు పడేది అక్కడ. అది ఇడిసిపెట్టి వస్తె నన్ను చూసినప్పుడల్ల నీకు అదే యాదికొస్తది."

"మరి నువ్వు గూడ ఆ మెషిన్ ముంగటికి మళ్ళ పోవద్దు. ఇక్కడ నీకు ల్యాబ్ ఉన్నది. నా కోసం ఇడిస్తె నేను ఊకోను."

తన నోట మీరు ఎప్పుడు నువ్వయిందో ఫెబా గమనించలేదు. రిబ్కా గమనించింది.

"పెండ్లాం ఒక ఊరు, మొగడు ఒక ఊరా? చుట్టాలేమంటరు?" అందామె భర్తతో.

జీవరాజ్ టోపీ తీసి తల నిమురుకున్నాడు. "నేను ఆస్పత్రి డ్యూటీ చేసినన్ని ఏండ్లు వారంల సగం రాత్రులు ఇంట్ల లేను. నువ్వేమన్న తక్కువ పెండ్లానివా నాకు? ఎవరి పని కాడ వాళ్ళుంటరు, సెలవు నాడు ఒక కాడ ఉంటరు. తర్వాత సంగతి తర్వాత చూస్కుంటరు, ఇద్దరు సంపాయించేటోళ్ళే." కూతురి తల మీద ఒక చెయ్యి, జోయెల్ తల మీద ఒక చెయ్యి పెట్టాడు. "దేవుడు మిమ్మల్ని సల్లగ చూడాలె. రేపు పో బిడ్డా."

ఫెబా కొంగుతో ముఖం తుడుచుకుని జోయెల్ వైపు తిరిగింది. "సరే. అవును. హా. యెస్. ఇప్పుడన్న సమజైందా?"

"అయింది," అన్నాడు జోయెల్.

సోమవారం తెల్లవారకముందే బస్టాండ్‌కి వచ్చి సూట్‌కేసు పైన పెట్టింది జోయెలే. పెట్టాక దిగుతాడనుకుంటే, ఆమె పక్క సీటు ఖాళీగా ఉందని కూర్చున్నాడు. కిటికీ దగ్గర నిలబడ్డ రిబ్కా అది చేయి, ఇది తిను అని చెబుతూనే ఉంది. డ్రైవర్ బస్సు స్టార్ట్ చేశాడు. కండక్టర్ వచ్చి, దిగుతారా, టికెట్ తీసుకుంటారా అని హిందీలో అడిగాడు.

"జహీరాబాద్ ఒకటి," అన్నాడు జోయెల్.

"నీకు తొమ్మిదింటికి డ్యూటీ," అంది ఫెబా.

"తెల్సు. అక్కడ దిగి ఎనకకొచ్చే బస్సు ఎక్కుత. టైంకు అందుకుంట."

"నేను వచ్చి పోయే ప్రతి సోమవారం గిట్లనే వస్తవా?"

"నువ్వు వద్దనేదాంక."

ఫెబా వద్దనలేదు. చేతిసంచీ ఒళ్ళో పెట్టుకుని, అతనికి చోటు సరిపోయేలా కిటికీ వైపు జరిగింది.